గుణవతికి పరాక్రమం ఉండకూడదా?

'కెప్టెన్ మార్వెల్' 2019 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు విడుదలైంది. మార్వెల్ స్టూడియోస్ 20 సినిమాలు తీశాక, 21వ సినిమాలో గానీ కథంతా ఒక్కతే మోసే అవకాశం ఒక స్త్రీకి రాలేదు. సినిమా వంద కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. అమ్మాయిలు థియేటర్లలో ఈలలు వేస్తున్న ఆ రోజుల్లోనే, 'డిజైరింగ్ గాడ్' అనే పేరున్న అమెరికన్ క్రైస్తవ వెబ్‌సైట్‌లో ఈ సినిమా మీద ఒక వ్యాసం వచ్చింది. ఆ వాదన సారాంశం ఇది: స్త్రీని యుద్ధం ముందు వరసలో నిలబెట్టి దానికి సాధికారత అని పేరు పెట్టడం దేవుడి క్రమానికి ఎదురెళ్లడం, ఆమెను కాపాడటానికి ప్రాణం పెట్టాల్సింది పురుషుడు.

దాని మీద పెద్ద రగడే జరిగింది. సమానత్వాన్ని సమర్థించే క్రైస్తవులు వెంటనే బైబిల్ తెరిచి, న్యాయాధిపతుల గ్రంథం నుంచి ఇద్దరు స్త్రీలను బయటికి తీశారు. ఒకరు దెబోరా, ఇశ్రాయేలీయులకు న్యాయాధిపతి, ప్రవక్త. నువ్వు కూడా వస్తేనే యుద్ధానికి వెళ్తానని సేనాని బారాకు పట్టుబట్టింది ఆమె దగ్గరే. ఇంకొకరు యాయేలు, డేరాలో నిద్రపోతున్న శత్రు సేనాపతి కణతలో మేకు దిగ్గొట్టిన గృహిణి. మార్వెల్ వాళ్లు అంత రక్తం చూపిస్తే సెన్సారు వాళ్లు ఊరుకోరు.

ఈ గొడవ మొదటిదేం కాదు. వండర్ వుమన్ 1941లో కామిక్స్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాదే, చెడు సాహిత్యం నుంచి పిల్లల్ని కాపాడటానికని అమెరికా కాథలిక్ బిషప్పులు పెట్టిన సంస్థ ఒకటి ఆమె కామిక్ పుస్తకాన్ని నిషేధ జాబితాలో పెట్టేసింది. కారణం, ఆమె ఒంటి మీద బట్టలు చాలకపోవడం. ఆమె ఎవరితో పోరాడుతోంది, ఎందుకు పోరాడుతోంది అన్నది ఆ జాబితాకి అక్కర్లేకపోయింది. అప్పుడు బట్టలు, ఇప్పుడు కండలు. దాదాపు ఎనభై ఏళ్లుగా చూపు ఆమె శరీరం మీదే ఉంది.

నేను తెలుగు చర్చిలో పెరిగాను. సండే స్కూల్లో దావీదు-గొల్యాతు కథ లెక్కలేనన్ని సార్లు విన్నాను. యాయేలు కథ మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనే చదువుకున్నాను. కాబట్టి ఈ చర్చలో నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా. అయినా ఆ వ్యాసాన్ని నవ్వి పక్కన పడెయ్యబుద్ధి కాదు. భర్త భార్య కోసం ప్రాణం పెట్టాలనే మాట ఎఫెసీ పత్రికలోది. భార్యని కొట్టడం మామూలు విషయమైన సమాజాల్లో ఆ మాటని నిజంగా నమ్మే మగవాడు దొరికితే అది చిన్న సంగతి కాదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది.

సినిమాని చూసి మనిషి ఎలా బతకాలో నేర్చుకోవడం అమెరికన్ చర్చికి కొత్త కాదు. జాన్ ఎల్డ్రెడ్జ్ 2001లో రాసిన 'వైల్డ్ ఎట్ హార్ట్' అనే పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ప్రతి మగవాడికీ పోరాడటానికి ఒక యుద్ధం, చెయ్యడానికి ఒక సాహసం, కాపాడటానికి ఒక అందగత్తె కావాలంటాడాయన. అందుకు ఆదర్శంగా చూపించిన వాటిలో 'బ్రేవ్‌హార్ట్' సినిమా ముఖ్యమైంది. అమెరికా శ్వేతజాతి ఇవాంజెలికల్ చర్చిలు మగతనాన్ని సువార్తల కంటే ఎక్కువగా కౌబాయ్ సినిమాల నుంచి తెచ్చుకున్నాయని చరిత్రకారిణి క్రిస్టిన్ కోబెస్ డు మెజ్ 2020లో ఒక పుస్తకమే రాసింది. దాని పేరు 'జీసస్ అండ్ జాన్ వేన్'. అంటే మెల్ గిబ్సన్ కత్తి పడితే అది ఆత్మీయ పాఠం. బ్రీ లార్సన్ పిడికిలి బిగిస్తే అది లోకపు ప్రలోభం. యుద్ధమే చెడ్డదనే శాంతివాదపు క్రైస్తవులుంటే వాళ్లకి దణ్ణం పెడతాను. కానీ ఇక్కడ యుద్ధం మీద ఎవరికీ పేచీ లేదు. చెయ్యి ఎవరిదన్న దగ్గరే పేచీ.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకుంటారేమో. తెలుగు బైబిల్లోంచే ఒక ఉదాహరణ చూడండి.

హీబ్రూలో 'ఖాయిల్' అని ఒక మాట ఉంది. బలం, సత్తా, సంపద, సైన్యం అని సందర్భాన్ని బట్టి దాని అర్థాలు. గిద్యోను శత్రువులకి భయపడి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటుంటే దేవదూత వచ్చి అతన్ని ఈ మాటతోనే పిలుస్తాడు. తెలుగులో అక్కడ 'పరాక్రమము', 'బలాఢ్యుడు' అన్న మాటలు వాడారు. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో ఒక స్త్రీని వర్ణిస్తూ హీబ్రూ మూలం ఇదే మాట వాడుతుంది: 'ఎషెత్ ఖాయిల్'. అదక్కడ తెలుగులో 'గుణవతి' అయింది. రూతుని బోయజు ఇదే మాటతో మెచ్చుకుంటాడు. అక్కడ తెలుగులో 'యోగ్యురాలు' అయింది.

చాటున దాక్కున్న మగవాడు పరాక్రమవంతుడు. తెల్లవారకముందే లేచి, పొలం కొని, ద్రాక్షతోట నాటి, వ్యాపారం చేసి, చేతుల బలంతో ఇల్లు నిలబెట్టిన ఆడమనిషి గుణవతి. అదే అధ్యాయంలో ఆమె భర్తకి దేనికి లోటుండదో చెప్పే చోట హీబ్రూలో ఉన్నది యుద్ధంలో దక్కే కొల్లసొమ్ముకి వాడే మాట. తెలుగులో అది 'లాభం' దగ్గర ఆగిపోయింది. ఇదొక్క తెలుగు అనువాదకుల తప్పే అనను. కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్ కూడా అక్కడ 'వర్చువస్' అంటుంది. విచిత్రమేంటంటే ఆ మాటకి మూలం లాటిన్‌లో మగవాడు అనే అర్థమున్న 'విర్'. మగతనపు బలాన్ని చెప్పే మాట స్త్రీ దగ్గరికొచ్చేసరికి శీలంగా కరిగిపోయింది.

హవ్వని 'సహాయము' అన్నారు కదా, ఆ మాట ఇంకో ఉదాహరణ. హీబ్రూలో అది 'ఏజెర్'. పాత నిబంధనలో ఆ మాట ఎక్కువసార్లు వచ్చేది దేవుడి గురించే. శత్రువులు చుట్టుముట్టినప్పుడు వచ్చి ఆదుకునే దేవుడు 'ఏజెర్'. మన పెళ్లి ప్రసంగాల్లో ఆ సహాయం వంటింట్లోంచి కాఫీ తెచ్చివ్వడం దగ్గరికి దిగిపోయింది.

స్త్రీ పోరాడొచ్చా అన్న ప్రశ్నకి బైబిల్ ఎప్పుడో జవాబు చెప్పేసిందని నాకనిపిస్తుంది. సినిమా చూసేటప్పుడు అడగాల్సినవి వేరే మూడు ఉన్నాయి. ఆమెకి ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? అది ఎవరి కోసం ఖర్చవుతోంది? ఖర్చయ్యాక ఆమెకేం మిగిలింది? ఈ ప్రశ్నలు పెట్టుకుని చూస్తే, చర్చి తిట్టిన సినిమాల్లో క్రైస్తవం వాళ్లనుకున్న దానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఫ్యాన్స్ మెచ్చుకున్న సాధికారత మాత్రం వాళ్లనుకున్నంత లేదని తేలుతుంది.

పాటీ జెంకిన్స్ తీసిన 'వండర్ వుమన్' (2017) నుంచి మొదలుపెడదాం. మొదటి ప్రపంచ యుద్ధం. రెండు సైన్యాల కందకాల మధ్య ఎవరూ అడుగుపెట్టలేని నేల. మనం అందర్నీ కాపాడలేమని స్టీవ్ అంటాడు. డయానా నిచ్చెనెక్కి పైకి వెళ్తుంది, తూటాలన్నీ తన డాలు మీదకి తీసుకుంటుంది, అవతల వెల్డ్ అనే ఊరు బయటపడుతుంది. అందరూ చెప్పుకునే సీన్ ఇదే. నాకు ముఖ్యమైంది దాని తర్వాత జరిగేది. ఆ ఊరు ఊరంతా విషవాయువుకి చచ్చిపోతుంది. యుద్ధదేవుడు ఏరీస్‌ని చంపితే మనుషులు మంచివాళ్లైపోతారని నమ్మి, అతనే అనుకుని జర్మన్ జనరల్‌ని ఆమె చంపేస్తుంది. సైనికులు మాత్రం గ్యాస్ సిలిండర్లు విమానంలోకి ఎక్కిస్తూనే ఉంటారు. చెడు బయటెక్కడో లేదు, మనుషుల లోపలే ఉంది. మూలపాపం గురించి ఇంత సూటిగా మాట్లాడిన సూపర్‌హీరో సినిమా నాకింకోటి గుర్తురావడం లేదు.

క్లైమాక్స్‌లో డయానా చేతులు చాచి గాల్లో తేలుతుంది. శిలువ గుర్తొచ్చేలా తీశారని చాలామంది అన్నారు. ఫొటోకి బావుంటుందంతే. దానికి కాస్త ముందు, ఆ విషవాయువు తయారుచేసిన డాక్టర్ మారు ఆమె కాళ్ల దగ్గర పడి ఉంటుంది. చంపెయ్, వీళ్లు ఇంతే అని ఏరీస్ ఉసిగొల్పుతాడు. డయానా ఎత్తిన యుద్ధట్యాంకుని పక్కకి పడేస్తుంది. అర్హత లేని మనిషికి ప్రాణభిక్ష. చర్చి భాషలో దీన్ని కృప అంటారు. సినిమాలో అసలు సువార్త ఉంటే అక్కడుంది.

ఇంకో మాట. స్త్రీ కోసం, లోకం కోసం ప్రాణం పెట్టే మగవాడు కావాలన్నారు కదా. ఈ సినిమాలో ఉన్నాడు. విషవాయువు నిండిన విమానాన్ని ఎవరికీ తగలనంత ఎత్తుకి తీసుకెళ్లి తనతో సహా పేల్చేసుకున్నది స్టీవే. ఆమె బలం అతని త్యాగానికి అడ్డం రాలేదు. ఇద్దరికీ చోటున్న కథ అది.

అయితే మొదటి ప్రశ్న దగ్గర ఈ సినిమా చిక్కుకుంటుంది. డయానా బలం పుట్టుకతో వచ్చింది, ఆమె దేవతల రాజు జ్యూస్ కూతురు. వెల్డ్ ఊళ్లో సాయమడిగిన తల్లికి ఆ పుట్టుక లేదు. పుట్టుక గొప్పదైతేనే స్త్రీ గొప్పది అనే కథ మన దేశంలో కొత్తగా వినాల్సిన పని లేదు.

'కెప్టెన్ మార్వెల్' ఈ మొదటి ప్రశ్ననే కథ చేసుకుంది. కారల్ డాన్వర్స్ మెడ మీద క్రీ జాతివాళ్లు ఒక యంత్రం అమర్చుతారు. నీ శక్తి మేమిచ్చిందే, మేం తీసుకోగలం, ముందు నీ ఆవేశాన్ని అదుపులో పెట్టుకో అని నూరిపోస్తారు. ఆ యంత్రం శక్తినివ్వదు, ఉన్న శక్తిని అణిచిపెడుతుంది. స్త్రీలకి పాటలు పాడే వరం, బోధించే వరం ఉందంటూనే, ఎప్పుడు ఎక్కడ వాడాలో మేం చెప్తాం అనే మందిరాల్లో పెరిగినవాళ్లకి ఈ సీన్లు సైన్స్ ఫిక్షన్‌లా అనిపించవు.

రెండో ప్రశ్నకి ఈ సినిమా ఇచ్చే జవాబు ఇంకా బావుంటుంది. శత్రువులని చెప్పి కారల్ చేత వేటాడించిన స్క్రల్ జాతి నిజానికి ఇల్లు పోగొట్టుకుని దాక్కున్న శరణార్థులు. పిల్లలతో, ముసలివాళ్లతో కక్ష్యలోని ఒక ల్యాబ్‌లో తలదాచుకుంటారు. నిజం తెలిశాక కారల్ తన బలం మొత్తం వాళ్లవైపు తిప్పుతుంది. పరదేశిని ఆదరించమని పదే పదే చెప్పే గ్రంథాన్ని నమ్మినవాళ్లు ఈ సినిమా గురించి మాట్లాడుతూ, ఆడది గుద్దులాడొచ్చా లేదా దగ్గరే ఆగిపోయారు. ఆ చర్చ చదివినంతలో నాకు శరణార్థుల ఊసు పెద్దగా కనిపించలేదు.

సినిమాగా దీని బలహీనత కూడా చెప్పాలి. మెడ మీది యంత్రం ఊడిపోయాక కారల్‌కి ఎదురే లేదు. గెలుపుకి ఆమె చెల్లించే మూల్యం ఏమీ లేదు. మూల్యం లేని చోట ఉత్కంఠ ఉండదు, ప్రేమ ఎంత లోతైనదో కూడా తెలియదు.

మూల్యం అనగానే త్యాగం గుర్తొస్తుంది. క్రైస్తవంలో బలం గురించిన ఆలోచనకి కేంద్రం ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం. దేవుడితో సమానుడైనవాడు తన్ను తాను ఖాళీ చేసుకుని దాసుడయ్యాడన్నది అక్కడి మాట. గ్రీకులో దాన్ని 'కెనోసిస్' అంటారు, తెలుగు బైబిల్ 'రిక్తుడు' అనే అందమైన మాట వాడింది. ఈ వాక్యాన్నే ఆడవాళ్లకి అప్పజెప్పేస్తారు: చూడమ్మా, ప్రభువే తగ్గించుకున్నాడు, నీకేం, సర్దుకో.

1960లో వాలరీ సైవింగ్ అనే యువ పండితురాలు ఒక వ్యాసం రాసింది. స్త్రీవాద వేదాంతానికి అదే తొలి అడుగని చాలామంది అంటారు. పాపానికి మూలం అహంకారం, విమోచనకి దారి స్వార్థం వదులుకోవడం అని పెద్ద పెద్ద వేదాంతులంతా రాశారు. అది మగవాళ్ల అనుభవం అంటుంది సైవింగ్. చాలామంది స్త్రీలకి ప్రమాదం అటునుంచి రాదు. అందరి అవసరాలూ తీరుస్తూ తీరుస్తూ తనంటూ ఏమీ మిగలకపోవడమే వాళ్లకొచ్చే ప్రమాదం. అలాంటి మనిషికి నిన్ను నువ్వు తగ్గించుకో అని బోధిస్తే జబ్బుకి మందివ్వకుండా ఇంకాస్త జబ్బు ఇచ్చినట్టే.

రిక్తుడు కావాలంటే ముందు నిండుగా ఉండాలి. యోహాను సువార్తలో యేసు కూడా ఈ తేడా స్పష్టంగా చెప్తాడు: నా ప్రాణం ఎవరూ తీసుకోవడం లేదు, నేనే పెడుతున్నాను, పెట్టే అధికారం నాకుంది. ఆ అధికారం లేని చోట త్యాగం లేదు, పోగొట్టుకోవడమే ఉంది. అందుకే సాధికారత శిలువకి వ్యతిరేకమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సాధికారత లేకపోతే శిలువ దాకా వెళ్లే ప్రశ్నే రాదు.

నటాషా రోమనాఫ్ కథని ఈ తేడాతో చూడాలి. 'ఎండ్‌గేమ్' (2019)లో వోర్మిర్ గ్రహం మీద ఒక ప్రాణం పోతేగాని లోకాన్ని కాపాడే మణి దొరకదు. నటాషా, క్లింట్ నేను చస్తానంటే నేనని కొట్టుకుంటారు. ఆ పోట్లాటలో నటాషా గెలుస్తుంది, అంటే చచ్చిపోతుంది. కథ లోపల అది ఆమె నిర్ణయమే. క్రైస్తవ ప్రేక్షకురాలిగా నా కళ్లు తడిశాయి కూడా.

కానీ మూడో ప్రశ్న వదిలిపెట్టదు. క్లింట్‌కి భార్యాపిల్లలున్నారు. నటాషాకి చిన్నప్పుడే రెడ్ రూమ్ అనే శిక్షణ కేంద్రంలో గర్భసంచి పనికిరాకుండా చేశారని 2015 సినిమాలోనే చెప్పారు. పిల్లల్లేని ఆడమనిషి ప్రాణం ఖర్చుకి తేలిక అన్న పాత లెక్కే ఇది, మన ఇళ్లలోనూ ప్రార్థన మందిరాల్లోనూ రోజూ వినిపించే లెక్క. టోనీ స్టార్క్‌కి చెరువు గట్టున ఊరంతా కదిలొచ్చిన అంత్యక్రియలు. నటాషాకి నాలుగు మాటలు. క్లైమాక్స్ యుద్ధంలో మార్వెల్ హీరోయిన్లందర్నీ కాసేపు ఒక వరసలో నిలబెట్టి చప్పట్లు అడిగారు. అవెంజర్స్‌లో మొదటి స్త్రీ ఆ వరసలో లేదు. ఆమె పేరుతో సొంత సినిమా 2021లో వచ్చింది, ఆమెను చంపేసిన రెండేళ్లకి.

అయినా ఆ 'బ్లాక్ విడో' సినిమాలోనే నాకు కావాల్సింది దొరికింది. రెడ్ రూమ్‌లో అమ్మాయిల మెదళ్లని రసాయనంతో కట్టేస్తారు. దానికి విరుగుడు ఎర్రటి పొడి రూపంలో ఉంటుంది. ఆ సినిమాలో నటాషాకి అతీత శక్తులేం లేవు. శత్రువు వాసన తగిలితే అతని మీద చెయ్యెత్తలేని కట్టు ఉందని తెలిసి, తన ముక్కు తనే పగలగొట్టుకుంటుంది. చివరికి ఆ ఎర్రపొడి ఆ అమ్మాయిలందరి మీదా చల్లితే, ఒక్కొక్కరికే కళ్లలో స్పృహ వస్తుంది. ఒక గొప్ప స్త్రీ గెలవడంతో ఆగకుండా కట్లు వరసగా తెగుతాయి.

లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ పాడే పాట కూడా ఇలాంటిదే. పల్లెటూరి పిల్ల, పెళ్లి కాలేదు, కడుపుతో ఉంది. నేను గొప్పదాన్నయ్యానని సంబరపడి ఊరుకోదు. సింహాసనాలు కూలుతాయి, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది అంటుంది. పాట తన ఒక్కదానితో మొదలై అందరి దగ్గరికీ వెళ్తుంది. హాలీవుడ్ సాధికారత చాలాసార్లు ఆ మొదటి చరణం దగ్గరే ఆగి టికెట్లు అమ్ముకుంటుంది. మన చర్చిలు క్రిస్మస్‌కి ఆ పాటని వినయానికి ఉదాహరణగా చదివించి ముగిస్తాయి.

తెలుగు నేల మీద మిషనరీల కాలంలో 'బైబిలు స్త్రీలు' ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది దళిత స్త్రీలు. ఊరూరా నడిచి, ఆడవాళ్ల మధ్య కూర్చుని, చదివి వినిపించి, చదవడం నేర్పిన మనుషులు. మిషనరీ దొరల పేర్లతో మనకి కాలేజీలు, ఆస్పత్రులున్నాయి. ఈ స్త్రీలలో ఒక్కరి పేరైనా చెప్పగలమా? 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ మన నంద్యాల డయోసిస్‌లోనే వచ్చారు, పుష్పలలిత గారు, 2013లో. అరవై ఆరేళ్లు పట్టింది. మార్వెల్ వాళ్లకి పదకొండేళ్లే పట్టిందని ఎవరైనా వెక్కిరిస్తే మన దగ్గర జవాబు లేదు.

కారల్ డాన్వర్స్‌ని చూసి పాస్టర్లు కంగారు పడక్కర్లేదు. అంతరిక్షంలో ఎగిరే మనిషితో సంఘానికి వచ్చే ముప్పేం లేదు. పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆ సినిమా చూసొచ్చి, ఆదివారం బైబిల్లో సామెతలు 31 తెరిచి, మీరు గుణవతి అంటున్న చోట అసలు ఏముందని అడిగితే, ఆమెకేం చెప్తారో ఆలోచించుకుంటే చాలు. 'బలాఢ్యురాలు' అని చెప్పండి. అది శుద్ధమైన తెలుగు మాటే, ఎవరి నోరూ తిరగకుండా పోదు.